బోర్డు ముందు కూర్చోవడానికి సిగ్గెందుకురా?

చిరంజీవి శీనుకి,

మామయ్య ఆశీస్సులు. రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆర్మీలో నడుం విరిగాక, సర్వీసుకి పనికొస్తావో లేదో తేల్చే మెడికల్ బోర్డు దాకా వెళ్లకుండా, ఇంటి ఇబ్బందులని రాసిచ్చి డిశ్చార్జి తీసుకుంటావట. "అన్‌ఫిట్ అనిపించుకుని రాను" అన్నావట. వినగానే మీసం మెలేశాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు.

రక్షణశాఖ పెన్షన్ పోర్టల్ స్పర్శ్‌లో పాన్, ఆధార్ సరిచూసుకో. ప్రతి మెడికల్ కాగితానికీ జిరాక్స్ తీసిపెట్టుకో.

సర్వీసు వల్ల తగిలిన దెబ్బతో బోర్డు నిన్ను ఇన్‌వాలిడ్ చేసి, అంటే వైకల్యం వల్ల సర్వీసుకి పనికిరావని తేల్చి పంపితే డిసెబిలిటీ పెన్షన్ మీద ఇన్‌కం టాక్స్ లేదు. 1922 నాటి మినహాయింపు ఇది. పెన్షన్‌లో సర్వీసుకిచ్చే సర్వీస్ ఎలిమెంట్‌కీ, వైకల్యానికిచ్చే డిసెబిలిటీ ఎలిమెంట్‌కీ రెండింటికీ ఉందని 2001లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) స్పష్టం చేసింది. 2019 జూన్‌లో అదే సీబీడీటీ 13వ నంబరు సర్క్యులర్ ఇచ్చింది. మినహాయింపు ఇన్‌వాలిడ్ అయినవాళ్లకే, రిటైరైనవాళ్లకో మరోలా దిగినవాళ్లకో కాదని. దానిమీద కేసు సుప్రీంకోర్టుదాకా పోయింది. రాసిచ్చి వచ్చావంటే ఆ తగాదాలోకి నువ్వే నడిచివెళ్లినట్టు. పైగా బ్యాంకు ఉద్యోగం చూసుకుంటానంటున్నావు. జీతానికి పెన్షన్ కూడా కలిపి లెక్కేస్తే ఏమవుతుందో నువ్వే చూసుకో.

ఇది నీకు చెప్పడానికి నాకూ మొహం చెల్లదు. సియాచిన్‌లో మంచు నా కాలివేళ్లు రెండు తినేసింది. బోర్డ్ అవుట్ చేశారు. మన మాధవరంలో ఇంటికొక ఫౌజీ, అందరూ పూర్తి సర్వీసు చేసి బ్యాండుతో దిగినవాళ్లే. నా డిశ్చార్జి కాగితంలో "ఇన్‌వాలిడెడ్" అన్న మాట నాకు బూతులా కనిపించేది. ట్రంకుపెట్టె అడుగున, ఉన్ని ప్యాంటు కింద దాచేశాను. బ్యాంకులో అడిగితే "రిటైర్డ్" అన్నాను. ఆరో పే కమిషన్ ఎరియర్స్ వచ్చినప్పుడు వాళ్లు టాక్స్ కోశారు. రిటర్ను వేసే కుర్రాడికీ కాగితం చూపించలేదు. అలా మూడేళ్లు! చివరికి మీ అత్తే చలికాలం బట్టలు ఎండేస్తూ ఆ కాగితం తీసి, "ఇదేంటండీ, ఇంత జాగ్రత్తగా దాచారు?" అంది. అప్పటికి రెండేళ్ల రిఫండుకి గడువు దాటిపోయింది. ఆ డబ్బుతో దాని చెవికి దుద్దులు వచ్చేవి. ఆ మాట ఇప్పటికీ అనదు, అదే నాకు బాధ.

పెన్షన్ ఆర్డరు (పీపీఓ) రాగానే అందులో "ఇన్‌వాలిడెడ్" అన్న ఆ ఒక్క మాట ఉందో లేదో చూడు. కాపీ జాగ్రత్తగా పెట్టుకో. రిటర్నులో పెన్షన్ దాచకు, మినహాయింపు ఉన్న ఆదాయం కింద చూపించు. టాక్స్ లెక్కకి పాత పద్ధతి ఎంచుకుంటే, 40 శాతం, ఆ పైన వైకల్యం సర్టిఫికెట్‌తో టాక్స్ పడే ఆదాయంలోంచి 75 వేలు తగ్గుతాయి. కొత్త పద్ధతిలో అది లేదు.

ఆ డిశ్చార్జి అర్జీ మీద సంతకం మాత్రం పెట్టకు, వెధవా. ఆ ట్రక్కు కింద నుంచి ఇద్దరిని లాగినప్పుడు విరిగిన నడుంరా అది. నడుంపట్టీ కట్టుకునే రైలెక్కు. లోయర్ బెర్త్ దొరక్కపోతే ఫోన్ చెయ్యి, తాడేపల్లిగూడెం స్టేషన్‌కి నేనే వస్తాను. మీ అత్త ఇప్పటికే సున్నుండలకి మినుములు వేయిస్తోంది.

మీ మామయ్య