పొర, సందర్భం అంటూ ఎందుకంత పట్టుదల? వస్తువు దొరికితే చాలదా?

"పురావస్తు తవ్వకాల్లో పొర, సందర్భం అని ఎందుకంత పట్టుబడతారు? వస్తువు భద్రంగా మ్యూజియంకి చేరితే సరిపోదా?" అని అడిగారు. సరిపోదు. ఎక్కడ, దేని పక్కన, ఏ మట్టిలో ఉందో తెలియని వస్తువు చాలావరకు పోయినట్టే లెక్క. నిర్వచనాలు ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటాయి, నేను కళ్లారా చూసింది చెబుతాను.

ఎం.ఏ. చదివే రోజుల్లో ఉత్తర తెలంగాణలో ఒక పాటిదిబ్బ, అంటే పాత ఊరు శిథిలమై ఏర్పడిన దిబ్బ, మీద తవ్వకానికి వెళ్లాను. ట్రెంచ్ నిలువెత్తు లోతు దిగాక, లోపలా అంచు దగ్గరా నల్లగా, కింద ఎర్రగా ఉండే కుండపెంకులు రావడం మొదలైంది. పెద్దరాతి సమాధుల కాలం నుంచి శాతవాహనుల దాకా దక్కన్‌లో కనిపించే రకం అది. వాటి మధ్య మట్టిలోంచి ఒక చేతిగాజు ముక్క బయటపడింది. నల్లటి గాజు మీద పసుపు, ఎరుపు చుక్కలు. ట్రెంచ్‌లో ఉన్న విద్యార్థులందరం ఒక్కసారి అరిచాం. రెండువేల ఏళ్ల నాటి గాజని అప్పటికప్పుడు తేల్చేసి, ఎవరు ముందు ఫోటో తీయాలా అని పోటీ పడుతున్నారు.

మాతో పనిచేసే మేస్త్రీ తాత మాత్రం గాజు వైపే చూడలేదు. ట్రెంచ్ గోడ వైపు చూశాడు. తాపీతో గోడను పైనుంచి కిందికి నున్నగా గీకి, చెంబుతో నీళ్లు తెప్పించి చల్లాడు. అంతవరకు ఒకే రంగులో ఉన్న గోడ మీద నల్లటి గీత ఒకటి తేలింది. పైపొరలో మొదలై గిన్నెలా వంగి, సరిగ్గా మేం నిలబడిన చోటికి వచ్చింది. గీత లోపలి మట్టి బూడిద కలిసి గుల్లగా ఉంది, బయటిది పచ్చగా, గట్టిగా ఉంది. "గిది గుంత బిడ్డా. పైనుంచి తవ్విన్రు" అన్నాడు. అంటే పై పొరలో బతికిన వాళ్లెవరో చెత్త వేసుకోవడానికి తవ్విన గుంట అది. గాజు ఆ చెత్తలోది. ఆ రంగుల గాజులు మధ్యయుగంలో దక్కన్ ఊళ్లలో బాగా వాడినవే. గాజు, పాత పెంకులు ఒకే లోతులో ఉన్నా వాటి మధ్య వెయ్యేళ్లకు పైగా ఎడం ఉంది.

ఆ మధ్యాహ్నమే గుంట మట్టిని విడిగా తీసి, విడి సంచుల్లో వేసి, దానికి వేరే నంబరు ఇచ్చాం. మీరు అడిగిన సందర్భం అంటే ఆ నంబరే. ఆ గీత చూడకుండా తవ్వేసి ఉంటే, గాజుల చరిత్రలో ఒక అబద్ధం మా చేతుల మీదుగా అచ్చయ్యేది.

అందుకే పేపర్లో "పదిహేను అడుగుల లోతులో పురాతన విగ్రహం" అని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లోతు ఎప్పుడూ వయసు కాదు. ఎన్ని అడుగులన్నది ఎవరైనా టేపుతో కొలుస్తారు, ఏ పొరలోంచి తవ్విన గుంట అన్నది చూడటానికి కన్ను కావాలి. ఆ కన్నున్న మేస్త్రీల పేర్లు తవ్వకాల నివేదికల్లో కనబడవు. నేను చదివిన వాటిలో చాలావరకు డైరెక్టర్ల పేర్లే ఉన్నాయి. ఇది అన్యాయమని నా గట్టి నమ్మకం.

మ్యూజియంకి తేలేని సాక్ష్యం కూడా ఉంటుంది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిద దిబ్బే తీసుకోండి. బళ్లారి వైపు ఇలాంటి దిబ్బలను చచ్చిన రాక్షసుల బూడిదగా చెప్పుకునేవారు. 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ ఉట్నూరులో తవ్వితే పేడ మళ్లీ మళ్లీ కాలిన పొరలు, దడికి పాతిన కర్రల గుంటలు, పశువుల గిట్టల అచ్చులు కనిపించాయి. నాలుగువేల ఏళ్లకు పైబడిన పశువుల దొడ్డి అది! గిట్ట అచ్చును ఏ అద్దాల పెట్టెలో పెడతారు? అమ్ముదామన్నా ఎవరు కొంటారు? కానీ నా లెక్కలో ఏ బంగారు నాణెమూ దానికి సాటిరాదు. నాణెం రాజు పేరు చెబుతుంది, ఆ అచ్చులు మన నేల మీద తొలి పశువుల కాపరులు ఎలా బతికారో చెప్పాయి.

దీనికి పూర్తిగా ఎదురు కథ అమరావతిది. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కోలిన్ మెకంజీ చూసేనాటికే స్తూపం రాళ్లను కట్టడాలకు పట్టుకుపోతున్నారు. 1880లో మద్రాసు గవర్నర్ ఆదేశంతో మిగిలిన దిబ్బంతా తవ్వేశారు. తర్వాతి ఏడాది వచ్చిన పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ బర్జెస్‌కు మిగిలింది పెద్ద గుంట. ఇప్పుడు శిల్పాలు చెన్నైలో, లండన్‌లో భద్రంగానే ఉన్నాయి. మీ ప్రశ్న ప్రకారం అది చాలాలి. కానీ ఏ పలక ఎక్కడ నిలబడింది, ఏది ముందు, ఏది వెనక అన్నది శైలిని బట్టి, శాసనాల లిపిని బట్టి ఊహించుకోవలసి వస్తోంది. లండన్ నుంచి రాళ్లు తిరిగి రావాలని అందరం అడుగుతాం, నేనూ అడుగుతాను. ఆ పోయిన పొరల గురించి మాత్రం ఒక్కరూ బాధపడరు, అవి ఎలాగూ తిరిగి రావు కదా.

కార్బన్ డేటింగ్ ఉండగా పొరలెందుకని కూడా కొందరు వాదిస్తారు. ఆ పరీక్ష బొగ్గు, ఎముక, గింజ లాంటి ఒకప్పుడు ప్రాణమున్న వాటికే పనిచేస్తుంది. కుండకు తారీఖు కావాలంటే కుండతో పాటు అదే పొరలో బొగ్గు ఉండాలి. 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో అప్పటి భారత పురావస్తు శాఖ అధిపతి వీలర్ చేసిందీ ఇలాంటిదే. కాలం తెలిసిన రోమన్ పాత్రల ముక్కలు ఏ పొరల్లో ఉన్నాయో చూసి, వాటితో దొరికిన మన పాత్రలకు కాలం కట్టాడు. అప్పటికింకా కార్బన్ పరీక్ష పుట్టలేదు.

ఇప్పుడు మన ఊళ్లలో జరుగుతున్నది చూడండి. పాటిమన్ను ఎరువుకు బాగుంటుందని ట్రాక్టర్లలో దిబ్బలనే తోలేస్తున్నారు. లంకెబిందెల కోసం రాకాసి గుళ్లను, అంటే ఆ పెద్దరాతి సమాధులను, రాత్రిళ్లు జేసీబీతో పెకలిస్తున్నారు. కుండలు పగలగొట్టి బంగారం లేదని పారేసి పోతారు. మెటల్ డిటెక్టర్ పట్టుకుని వీడియోలు తీసేవాళ్లు ఈ పిచ్చిని ఇంకా పెంచుతున్నారు. వాళ్లకు లక్షల్లో వ్యూస్.

మీ పొలంలో ఏదైనా బయటపడితే ముందు పని ఆపించండి. వస్తువును కదపకండి, కడగకండి. పక్కన స్కేలో పెన్నో పెట్టి, చుట్టూ మట్టి కనబడేలా ఫోటోలు తీయండి, గుంట గోడవి కూడా. తర్వాత తహసీల్దారుకో పురావస్తు శాఖకో చెప్పండి. పది రూపాయలకు మించిన విలువున్న నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. వాళ్లు రావడం ఆలస్యమైతే గుంట మీద టార్పాలిన్ కప్పి ఉంచండి, వాన పడితే గోడ కూలుతుంది.