ఫాంటసీ ఫుట్‌బాల్‌లో మొదటి పిక్ మీకే వస్తే

"ఆఫీసు వాళ్లు ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్‌లో చేర్చారు. చీటీల్లో నాకే మొదటి పిక్ వచ్చింది. నాకు ఆటే సరిగ్గా తెలియదు, ఎవరిని తీసుకోవాలి?" ఆగస్టు వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మనవాళ్లు అడిగే ప్రశ్న ఇది. ఇది అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్లతో మీ సొంత టీమ్ కట్టుకునే ఆట, నిజం మ్యాచ్‌లలో వాళ్లు ఆడినదాన్ని బట్టి మీకు పాయింట్లు వస్తాయి. ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అని, ఒక్కో ఎంపికను పిక్ అని అంటారు. టెన్షన్ అక్కర్లేదు. అలాగని పేరు చూసి ఎవరినో ఒకరిని నొక్కేయకండి.

డ్రీమ్ ఎలెవన్ అలవాటున్న వాళ్లు ముందు ఒక తేడా గమనించాలి. అక్కడ కోహ్లీని మీరూ తీసుకోవచ్చు, మీ పక్కవాడూ తీసుకోవచ్చు. ఇక్కడ ఒక ఆటగాడు లీగ్ మొత్తంలో ఒక్కరికే దొరుకుతాడు. రోజుకో కొత్త టీమ్ కట్టడం కుదరదు, సీజనంతా దాదాపు మీ వాళ్లతోనే నెట్టుకురావాలి. సాధారణంగా 10 లేదా 12 మంది ఉంటారు. వరస పాములా తిరుగుతుంది: మొదటి రౌండ్‌లో 1 నుంచి 12 దాకా, రెండో రౌండ్‌లో 12వ వ్యక్తి నుంచి వెనక్కి. అంటే 12 మంది లీగ్‌లో మొదటి పిక్ మీదైతే రెండోసారి మీ వంతు వచ్చేది 24వ పిక్‌లో, వెంటనే 25వది కూడా మీదే. ఆ మధ్యలో 22 మంది మంచి ఆటగాళ్లు వెళ్లిపోతారు. అందుకే మొదటివాడి ఎంపికకు అంత బరువు.

కొత్తవాళ్లు ఎక్కువగా పట్టుకునేది బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని. టీవీలో రోజూ కనిపించేది ప్యాట్రిక్ మహోమ్స్, జాష్ ఆలెన్ కాబట్టి అది సహజమే. కానీ 12 మంది లీగ్‌లో ఒక్కొక్కరు ఆడించేది ఒక్క క్వార్టర్‌బ్యాక్‌నే, ఎన్ఎఫ్ఎల్‌లో జట్లు 32. మంచివాళ్లు మిగిలిపోతూనే ఉంటారు, ఏడెనిమిది రౌండ్ల తర్వాత కూడా పనికొచ్చేవాడు దొరుకుతాడు. బంతితో పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌లు, విసిరిన బంతిని పట్టే వైడ్ రిసీవర్ల సంగతి అలా కాదు. ఒక్కో టీమ్‌కి ఇద్దరేసి కావాలి, వీళ్లలో ఎవరినైనా ఆడించగల ఫ్లెక్స్ స్థానానికి ఇంకొకడు. జట్టు భారమంతా ఒక్కడే మోసే రన్నింగ్ బ్యాక్‌లు ఇప్పుడు చాలా తక్కువ. ఏది అరుదో మొదటి పిక్ దాని మీద పెట్టాలి. ఇద్దరేసి క్వార్టర్‌బ్యాక్‌లను ఆడించే లీగ్ అయితే మాత్రం ఈ లెక్క పూర్తిగా మారిపోతుంది.

పేర్ల దగ్గరికి వెళ్లే ముందు మీ లీగ్ పాయింట్ల పేజీ తెరవండి. పరుగు మీదైనా క్యాచ్ మీదైనా పది గజాలకు ఒక పాయింటు, టచ్‌డౌన్‌కి (బంతిని అవతలి జట్టు చివరి గీత దాటించడం) ఆరు అన్నది దాదాపు అన్ని చోట్లా ఉంటుంది. చూడాల్సింది క్యాచ్‌కి పాయింటు ఉందా లేదా అన్నది. ఉంటే దాన్ని పీపీఆర్ అంటారు. కొన్నిచోట్ల అర పాయింటే ఇస్తారు. పీపీఆర్‌లో 7 క్యాచ్‌లు పట్టి 80 గజాలు, ఒక టచ్‌డౌన్ చేసిన రిసీవర్‌కి 21 పాయింట్లు. అవే 80 గజాలు, అదే టచ్‌డౌన్ పరుగు మీద చేసినవాడికి 14. ఈ ఒక్క సెట్టింగ్ చూడకుండా ఎవరి సలహా విన్నా ఉపయోగం లేదు, నాదైనా సరే.

ఇక నా అభిప్రాయం. పూర్తి పీపీఆర్ లీగ్‌లో మొదటి పిక్ మీదైతే, స్థిరమైన క్వార్టర్‌బ్యాక్ ఉన్న జట్టులోని నంబర్ వన్ రిసీవర్‌ని తీసుకోండి. కూపర్ కప్ అనే రిసీవర్ 2021లో 145 క్యాచ్‌లు, 1,947 గజాలు, 16 టచ్‌డౌన్లు చేశాడు. జమార్ చేస్ 2024లో 127 క్యాచ్‌లు, 1,708 గజాలు, 17 టచ్‌డౌన్లు. ప్రతి ఆటలో ప్రతిసారీ గుద్దులు తినే రన్నింగ్ బ్యాక్ కంటే ఇలాంటివాడి మీద నాకు నమ్మకం ఎక్కువ.

అలా అని రిసీవర్లకు దెబ్బలు తగలవని కాదు. 2023లో చాలా లీగ్‌లలో మొదటి పిక్‌గా వెళ్లిన జస్టిన్ జెఫర్సన్ తొడ కండరం పట్టేసి 10 ఆటలే ఆడాడు. కానీ రన్నింగ్ బ్యాక్‌ల చరిత్ర ఇంకా బాధాకరం. క్రిస్టియన్ మెక్‌కాఫ్రీనే చూడండి. 2019లో పరుగులో వెయ్యి గజాలు, క్యాచ్‌ల మీద ఇంకో వెయ్యి. 2020లో అందరూ అతన్నే మొదట తీసుకుంటే ఆడింది మూడు ఆటలు. 2021లో ఏడు. 2022లో మొదటి పిక్ స్థానం ఇంకో రన్నింగ్ బ్యాక్ జోనాథన్ టేలర్‌ది, అతనూ 11 ఆటలతోనే ఆగాడు. 2023లో మెక్‌కాఫ్రీ మళ్లీ 21 టచ్‌డౌన్లతో అద్భుతంగా ఆడాడు, 2024లో మళ్లీ మొదటి పిక్ అయ్యాడు, ఆ ఏడాది ఆడింది నాలుగే.

ఆ 2024 కథ కొత్తవాళ్లందరూ తెలుసుకోవాలి. అతని పిక్కకు దెబ్బ తగిలిన వార్త ఆగస్టులోనే వచ్చింది. సీజన్‌కి సిద్ధమవుతాడన్న ధీమాతో చాలామంది తీసేసుకున్నారు. మొదటి వారం సోమవారం రాత్రి ఆట మొదలయ్యే ముందు అతను ఆడటం లేదని తేలింది. బదులుగా దిగిన జోర్డన్ మేసన్ 147 గజాలు పరిగెత్తాడు. అందుకే రెండు పనులు చేయండి. డ్రాఫ్ట్‌కి ముందు వారం ట్రెయినింగ్ క్యాంప్ వార్తలు రోజూ చదవండి. రన్నింగ్ బ్యాక్‌ని తీసుకుంటే, అతను లేనప్పుడు బదులుగా దిగేవాడిని చివరి రౌండ్లలో మీరే పట్టుకోండి. అర పాయింటు లీగ్‌లోనో, క్యాచ్‌కి ఏమీ ఇవ్వని లీగ్‌లోనో నేనూ రన్నింగ్ బ్యాక్ వైపే మొగ్గుతాను.

డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఉంటే ఇంకో ఆకర్షణ. డాలస్ ఎన్ఎఫ్ఎల్ జట్టు కౌబాయ్స్ ప్రాక్టీసు చేసేది మన ఇళ్ల పక్కనే, పిల్లలు వేసుకునేది వాళ్ల జెర్సీలే. వాళ్ల రిసీవర్ సీడీ ల్యాంబ్ నిజంగానే మొదటి రౌండ్ ఆటగాడు: 2023లో 135 క్యాచ్‌లు, 1,749 గజాలతో జట్టు రికార్డులు తిరగరాశాడు. మరుసటి ఏడాది క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ గాయపడి ఎనిమిది ఆటలకే ఆగిపోవడంతో ల్యాంబ్ లెక్క 1,194 గజాలకు పడిపోయింది. రిసీవర్‌ని తీసుకునేటప్పుడు బంతి విసిరేవాడిని కూడా చూడమనేది ఇందుకే. ఊరి జట్టు మీద అభిమానం ఉండటం మంచిదే, కానీ అది మొదటి పిక్‌కి కారణం కాకూడదు.

డబ్బు సంగతి. పది, ఇరవై డాలర్ల ఫీజు పెట్టే ఆఫీసు లీగ్‌లు చాలా ఉంటాయి. రాష్ట్రాన్ని బట్టి, కంపెనీని బట్టి నిబంధనలు మారతాయి, చేరేముందు అడగండి. ఇష్టం లేకపోతే ఉచిత లీగ్ అడగడానికి మొహమాటపడకండి. దాని వల్ల ఎవరూ చిన్నచూపు చూడరు. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా సోమవారం పొద్దున ఆఫీసు టీమ్‌లో నడిచే కబుర్లలో మీకూ చోటు దొరకడం ముఖ్యం. కొత్త దేశంలో ఒంటరిగా అనిపించే మొదటి ఏడాదిలో అది చాలా పెద్ద సాయం.

డ్రాఫ్ట్ సాధారణంగా ఆగస్టు చివర్లో, లేబర్ డేకి ముందు పెడతారు. ఆ సమయానికి ఇండియా నుంచి తిరుగు ప్రయాణంలో ఉంటే యాప్‌లో ముందే మీ ఇష్టం వచ్చిన వరసలో పేర్లు పేర్చి పెట్టుకోండి, లేకపోతే మీ వంతు వచ్చినప్పుడు యాప్ దాని వరస ప్రకారం ఎంచేస్తుంది. మొదటి పిక్‌కి ఇద్దరి పేర్లు సిద్ధంగా ఉంచుకోండి, 24, 25 పిక్‌లకు ఆరుగురివి. సీజన్ మొదలయ్యాక ప్రతి మంగళవారం రాత్రి వేవర్ జాబితా (ఎవరి టీమ్‌లోనూ లేని ఆటగాళ్ల జాబితా) చూడటం మానకండి. మీ మొదటి పిక్‌కి దెబ్బ తగిలితే దారి దొరికేది అక్కడే.