ఐ-751 పెండింగ్‌లో ఉంది, గ్రీన్ కార్డు గడువు తీరింది: ఇండియా వెళ్లి రావచ్చా?

నిశ్చింతగా వెళ్లి రావచ్చు. పెళ్లి ద్వారా వచ్చిన రెండేళ్ల గ్రీన్ కార్డు గడువు తీరినా, ఐ-751 (ఆ కార్డు మీది షరతులు తొలగించమని పెట్టే దరఖాస్తు) అందిందని అమెరికా వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ పంపే రసీదు లేఖ మీ హోదాను పొడిగిస్తుంది. 2023 జనవరి నుంచి ఆ పొడిగింపు, కార్డు మీది గడువు తేదీ తర్వాత 48 నెలలు. పాత కార్డు, లేఖ అసలు ప్రతి, పాస్‌పోర్టు చేతిసంచిలోనే పెట్టుకోండి. తిరుగు ప్రయాణంలో శంషాబాద్ చెక్-ఇన్ కౌంటర్లో చూసేది వాటినే. ఫోన్లో ఫొటోను నమ్ముకోవద్దు. లేఖ చేతికి రాకుండా టికెట్ కొనడం మాత్రం నా దృష్టిలో అనవసరపు రిస్కు. లేఖ పోతే బయల్దేరే ముందే పాస్‌పోర్టులో ఐ-551 స్టాంపు (శాశ్వత నివాసానికి తాత్కాలిక రుజువు) యూఎస్‌సీఐఎస్ చేత వేయించుకోండి. యూఎస్‌సీఐఎస్ వేలిముద్రలకు పిలిచిన తేదీ ప్రయాణంలో పడితే ముందే మార్పించుకోవాలి. అమెరికా బయట ఆరు నెలలు దాటితే, తిరిగి వచ్చేటప్పుడు ప్రశ్నలు పెరుగుతాయి. ఏడాది దాటేలా ఉంటే అమెరికాలో ఉండగానే రీఎంట్రీ పర్మిట్‌కు (తిరిగి రావడానికి ముందస్తు అనుమతి పత్రం) దరఖాస్తు చేయాలి.