పంటు ఎక్కే మాటలు

చిట్టీకి,

మావయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు వేసవి సెలవుల్లో సఖినేటిపల్లి వెళ్ళి పదో తరగతి పిల్లలకి ఇంగ్లీషు మాటలు నేర్పబోతున్నావని చెప్పింది. మొదటి పాఠమే ట్రాన్స్‌తో మొదలయ్యే మాటలతో అట కదా! ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్.

రోజుకి ఐదారు మాటలు చాలు. స్పెల్లింగు బోర్డు మీద పెద్దగా రాయి. ఫోన్లో దొరికే వంద మాటల జాబితా మాత్రం పట్టుకెళ్ళకు, నీ మీద ఒట్టు.

ట్రాన్స్ అంటే అవతలికి, దాటి అని చెప్పడానికి డిక్షనరీ ఎందుకు, ఊరి పక్కనే గోదావరి ఉండగా? బోర్డు మీద రెండు గీతలు గియ్యి. ఇది మన ఒడ్డు, అది నరసాపురం ఒడ్డు, మధ్యలో జనాన్ని ఏరు దాటించే పంటు. ఆ పంటు పేరే ట్రాన్స్. మోయడం ఎక్కితే ట్రాన్స్‌పోర్ట్, పంపడం ఎక్కితే ట్రాన్స్‌మిట్, పోయడం ఎక్కితే ట్రాన్స్‌ఫ్యూజన్, అంటే ఒకరి రక్తం ఇంకొకరి ఒంట్లోకి. ట్రాన్స్‌ప్లాంట్ అనగానే పిల్లలకి కిడ్నీలూ ఆసుపత్రులూ గుర్తొస్తాయి. నారుమడిలో నారు తీసి చేలో ఊడ్చడమూ అదే మాట అని చెప్పి చూడు, వాళ్ళ మొహాలు ఎలా వెలుగుతాయో! ట్రాన్స్‌పరెంట్‌కి మనవాళ్ళు పారదర్శకం అని పెట్టారు. ‘పార’ అన్నా అవతలి ఒడ్డే.

ట్రాన్స్‌ఫర్, ట్రాన్స్‌లేట్ ఒకే లాటిన్ క్రియ నుంచి వచ్చాయంటే నమ్మరు. మనం ‘వచ్చాడు’ అంటాం, ‘రాలేదు’ అంటాం. రూపాలు వేరు, క్రియ ఒకటే కదా. అక్కడా ఫెర్రే, లాటుస్ అలాంటి జంటే. తీసుకెళ్ళడం అని అర్థం. మనిషిని తీసుకెళ్తే బదిలీ, మాటని తీసుకెళ్తే అనువాదం. ట్రెడిషన్‌లోనూ ట్రాన్స్ ఉంది, ఒళ్ళు చిక్కిపోయి ట్రా అయింది. చేతికి అందించడం దాని మూలం. అదే మూలం నుంచి ట్రెయిటర్ కూడా వచ్చింది. తాత మనవడికి అందిస్తే సంప్రదాయం, కోట తాళాలు శత్రువుకి అందిస్తే ద్రోహం. అలాగని ట్రా కనిపించిన ప్రతి చోటా పంటు ఎక్కించకు. ట్రాక్టర్‌లో ఉన్నది లాగడం, దాటడం కాదు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా తెలీదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, అదే ఏటి ఒడ్డున ఒక బడిలో ఇదే పాఠం చెప్పాను. ట్రాన్స్ తర్వాత ఎస్‌తో మొదలయ్యే ముక్క వస్తే రెండు ఎస్‌లు రాయక్కర్లేదు, ఒకటి చాలు అన్నాను. స్క్రైబ్ చేరితే ట్రాన్స్‌క్రైబ్. మర్నాడు, మీకు తెలిసిన ట్రాన్స్ మాటలు విడగొట్టి అర్థం రాయండర్రా అన్నాను. మూడో బెంచీ కుర్రాడొకడు పలక మీద రాసినంత శ్రద్ధగా రాసిచ్చాడు: ‘ట్రాన్స్ ప్లస్ సిస్టర్ ట్రాన్సిస్టర్. అవతలి ఒడ్డున ఉన్న అక్క.’ చివర ఓ ఉండాల్సిన చోట ఈ పెట్టాడు. ట్రాన్సిస్టర్ అంటే అప్పట్లో మాకు బ్యాటరీల రేడియో.

నేను నవ్వాను. నవ్వి ఊరుకుంటే బాగుండేది. ఆ కాగితం పైకెత్తి క్లాసంతా వినేలా చదివాను. ‘ఒరేయ్, మీ అక్కకి బ్యాటరీలు వేస్తారా?’ అన్నాను. గది గొల్లుమంది. వాడు మాత్రం లేచి నిలబడి, చొక్కా కింది గుండీ పెట్టుకుంటూ, తీస్తూ ఉన్నాడు. వాళ్ళక్కని ఆ ఏడాదే నరసాపురం వైపు ఇచ్చారనీ, అత్తవారు పుట్టింటికి పంపడం లేదనీ తర్వాత తెలిసింది. వాడు ఆ ఏడంతా మళ్ళీ చెయ్యెత్తలేదు.

చాలా ఏళ్ళకి ఆ మాట పుట్టుక చదివాను. 1947 డిసెంబరులో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌వాళ్ళు తయారుచేసిన, ఆ రేడియోల్లో ఉండే చిన్న పరికరానికి జాన్ పియర్స్ అనే ఇంజనీరు పెట్టిన పేరట. ముందున్నది నిజంగానే ట్రాన్స్, వెనకది రెసిస్టర్ లాంటి కరెంటు పరికరాల పేర్ల తోక. అంటే వాడు మాటని సరైన చోటే అనుమానించాడు, నేను చెప్పిన రూల్ తుచ తప్పకుండా వాడాడు. ఆ పేరు సంగతి ఆ రోజు నాకే తెలీదు చిట్టీ. తెలీదని చెప్పడానికి సిగ్గేసి వాణ్ణి నవ్వులపాలు చేశాను.

ఒకసారి పంటు మీద కనబడ్డాడు. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. ‘మాస్టారూ, బావున్నారా?’ అని నా టికెట్టు కూడా తనే తీశాడు. చెప్పాలని నోటిదాకా వచ్చింది. రేవు వచ్చేసింది, దిగిపోయాం.

నీకు పుట్టుకతోనే నవ్వెక్కువ. చిన్నప్పుడు నీ నవ్వుకి ఇల్లంతా నవ్వేది, కాదనను. కానీ ఆ క్లాసులో ఎవడైనా అవతలి అక్క లాంటిది రాస్తే, ముందు వాడి పక్కకి వెళ్ళి ‘ఎలా విడగొట్టావురా?’ అని అడుగు. నీకు తెలియని మాటైతే రేపు చెప్తానని చెప్పు. నీ గౌరవం ఎక్కడికీ పోదు.

మే నెల గాలులు మంచివి కావు. పంటు అంచున నిలబడి సెల్ఫీలు తీసుకోకు. చాక్‌పీసులు మూత ఉన్న డబ్బాలో పెట్టుకో, తడిస్తే రాయవు. మొదటి రోజు నేనూ వస్తాను, వెనక బెంచీలో కూర్చుంటాను. సాయంత్రం రేవులో కాసేపు ఆగుదాం. వాడు ఆ వేళకే ఇవతలికి వస్తుంటాడట.

మీ మావయ్య