మీ నాన్నగారి ఆక్సిజన్ మిషన్ కోసం ఇంటికి జనరేటర్: మా ఏడేళ్ల అనుభవం

మీరు అడిగింది తిరుచానూరు దగ్గర సొంతింటి గురించి. మీ నాన్నగారికి ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ వేరు చేసి ఇచ్చే మిషన్), ఇంటికి ఒకటిన్నర హెచ్‌పీ బోరు మోటారు ఉన్నాయి, 5 కేవీఏ డీజిల్ జనరేటర్ పెడితే మెయింటెనెన్స్ తలనొప్పి అవుతుందా అన్నారు. మాది చంద్రగిరి వైపు. అదే సైజు సైలెంట్ సెట్టు, అంటే చప్పుడు తగ్గించే డబ్బాలో ఉండే జనరేటర్, మా ఇంటి వెనక ఏడేళ్లుగా ఉంది.

అన్నిటికంటే ముందు, నాన్నగారి మిషన్‌ను ఒక్క జనరేటర్ మీదే వదలకండి. నిమిషానికి ఐదు లీటర్లు ఇచ్చే కాన్సంట్రేటర్ దాదాపు 350 వాట్లు తీసుకుంటుంది. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్‌కు 150 ఏహెచ్ బ్యాటరీ పెట్టి, ఆ లైను మీద మిషన్ ఒక్కటే ఉంచితే రెండు మూడు గంటలు లాగుతుంది. జనరేటర్ అవసరం ఆ తర్వాతే. డాక్టరును అడిగి నింపిన సిలిండర్ ఒకటి కూడా ఇంట్లో పెట్టుకోండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నా జనరేటర్ సరిగ్గా అవసరమైన రోజే మొండికేసింది.

2021 నవంబర్ వానలు మీకు గుర్తుండే ఉంటాయి. స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ వానల్లోనే ఒక రాత్రి మాకు కరెంటు పోయింది. గొడుగు మెడకూ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఫోన్ లైటు నోట్లో పెట్టుకుని తాళం తిప్పాను. టిక్. మళ్లీ తిప్పితే మళ్లీ టిక్. అంతే. మా ఆవిడ కిటికీలోంచి "చివరిసారి ఎప్పుడు నడిపినారు?" అంది. వినాయక చవితికి! రెండు నెలలు ముట్టుకోని బ్యాటరీ చచ్చి కూర్చుంది. కారు బ్యాటరీ విప్పి తెచ్చి, కేబుళ్లు తగిలించి స్టార్ట్ చేసేసరికి గంట దాటింది. రోడ్ల మీద నీళ్లు, మెకానిక్ నాలుగో రోజుకు గానీ రాలేకపోయాడు.

వచ్చినవాడు సైలెన్సర్ మూతి దగ్గర వేలు పెట్టి చూపించాడు. నల్లగా, జిడ్డుగా కారుతోంది. "ఉత్తినే నడిపితే ఇట్లే అయితాది సార్, లోడు ఇయ్యాల" అన్నాడు. నడిపిన ఆ కొద్దిసార్లూ నేను ఏ లోడూ లేకుండా ఐదు నిమిషాలు తిప్పి ఆపేసేవాణ్ని. అలా నడిపితే ఇంజను సరిగ్గా వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు, మిగిలిందంతా మసిగా పేరుకుంటుంది.

అప్పటి నుంచి ఆదివారం పొద్దున మిద్దె మీద ట్యాంకు నింపేది జనరేటర్ తోనే. ఇరవై నిమిషాలు. ట్యాంకూ నిండుతుంది, ఇంజనుకు పనీ దొరుకుతుంది. బ్యాటరీని ఎప్పుడూ కొద్దికొద్దిగా ఛార్జ్ చేస్తూ ఉండే చిన్న ట్రికిల్ ఛార్జర్ కూడా పెట్టించాను. మీరు కొనేటప్పుడే అడిగి పెట్టించుకోండి.

మీ మోటారుకు 5 కేవీఏ సరిపోతుంది, కానీ వరస ముఖ్యం. 5 కేవీఏ అంటే చేతికి వచ్చేది దాదాపు 4 కిలోవాట్లే. మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. మొదట మోటారు వేసి, అది కుదురుకున్నాక ఫ్రిజ్, ఫ్యాన్లు వేయండి. ఏసీ, మోటారు కలిపి మాత్రం వద్దు. మేం ఒకసారి వేసి చూశాం, లైట్లు గుడ్డిదీపాలయ్యాయి.

ఇంజన్ ఆయిల్ మొదటి 50 గంటలకు మార్చాలి. ఆ తర్వాత పుస్తకంలో రాసిన గంటలు ఇంటి వాడకంలో ఎప్పటికీ పూర్తి కావు. అందుకని నేను గంటలు చూడను, ఏడాదికోసారి ఆయిలూ ఫిల్టర్లూ మార్పించేస్తా. డీజిల్ గంటకు లీటరు, లీటరున్నర అవుతుంది. క్యాన్లో ఆరు నెలలకు మించి ఉంచను, పాతది మా డీజిల్ కారులో పోసి కొత్తది తెస్తా. వానాకాలంలో డీజిల్ ఫిల్టర్ కింద స్క్రూ వదులు చేసి చూస్తే అడుగున నీళ్లు కనిపిస్తాయి, వాటిని బయటికి కార్చేయాలి. ఎలుకల సంగతి ఎవరూ చెప్పరు. వెచ్చగా ఉంటుందని మా డబ్బాలో కొబ్బరి పీచుతో కాపురం పెట్టి, సెల్ఫ్ మోటారు వైరు కొరికేశాయి. వైర్లు లోపలికి వెళ్లే కంతకు ఇనుప జాలీ కొట్టించండి. గాలి ఆడే దారి మాత్రం మూయొద్దు.

వాన పడుతోందని జనరేటర్‌ను వరండాలోకి, కిటికీ పక్కకు తేవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బయటే, రేకు నీడ కింద, పొగ గొట్టం ఇంటి వైపు తిరగకుండా పెట్టించండి.

ఇంకొకటి, చేంజోవర్ స్విచ్ (ఇంటిని వీధి కరెంటుకో జనరేటర్‌కో, ఒకసారికి ఒక్కదానికే కలిపే స్విచ్) లేకుండా ఏ ఎలక్ట్రీషియన్ అయినా "ప్లగ్గులో గుచ్చేద్దాం సార్" అంటే అక్కడికక్కడే పంపించేయండి. మన కరెంటు వెనక్కి వెళ్లి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లో 230 వోల్టులు 11 వేలు కాగలవు. అటు స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు. ఎర్తింగ్ కూడా ఆ రోజే చేయించండి.

నేను చెప్పిందంతా సింగిల్ ఫేజ్ లెక్క. మీ సర్వీసు త్రీ ఫేజ్ అయితే ఇక్కడే రాయండి, సెట్టు, చేంజోవర్ రెండూ మారతాయి.