పాత పోలరాయిడ్ 600 కెమెరా నల్గొండ ఎండల్లో పనిచేస్తుందా, ఏ ఫిల్మ్ కొనాలి?

ఫొటోని అప్పటికప్పుడే బయటికిచ్చే ఈ కెమెరా పనిచేస్తుంది. కొనాల్సింది '600' ఫిల్మే. ఈ పాత కెమెరాల్లో బ్యాటరీ ఉండదు, ఫిల్మ్ ప్యాక్‌లోనే ఉంటుంది. అందుకే బ్యాటరీ లేని ఐ-టైప్ ప్యాక్ పెడితే కెమెరా కదలదు. 2008కి ముందు తయారైన ప్యాక్ ఎవరైనా అమ్మజూపితే దయచేసి తీసుకోకండి, అందులో రసాయనం ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. ప్యాక్‌కి 8 ఫొటోలే, ఖరీదూ ఎక్కువే.

అసలు సమస్య మన ఎండ. ఈ ఫిల్మ్‌కి 13 నుంచి 28 డిగ్రీల మధ్య వేడి సరిపోతుంది. మే నెలలో మనకు 40 దాటుతుంది కదా, అప్పుడు ఫొటో పసుపు, ఎరుపు తేలుతుంది. కాబట్టి ప్యాక్‌ని ఫ్రిజ్‌లో ఉంచండి, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. వాడే ముందు గంటసేపు బయట పెట్టండి. నాగార్జునసాగర్ వెళ్తే పొద్దున్నే తీయండి, కెమెరాని కారులో వదిలేయకండి.

ఫొటో బయటికి రాగానే వెలుతురు తగలకుండా బోర్లించి నీడలో పెట్టండి. రంగులు పూర్తిగా రావడానికి పావుగంట పడుతుంది. చాలామంది ఊపుతారు, దానివల్ల లాభం లేదు, వంగితే పాడవుతుంది కూడా. ప్యాక్ మార్చినప్పుడల్లా కెమెరాలో ఫొటోని బయటికి నెట్టే రోలర్లను తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. వాటికి మురికి అంటితే ప్రతి ఫొటోలోనూ మచ్చలొస్తాయి.