చదవడం మొదలుపెట్టిన పిల్లలకి ఏడు చేపల కథే ఇవ్వండి

అక్షరాలు, గుణింతాలు పూర్తయిన పిల్లలు సొంతంగా చదువుకోవడానికి నవ్వొచ్చే కథ ఏది ఇవ్వాలని అడిగారు. ఏడు చేపల కథ. ఇంకో మాటే లేదు.

అందరికీ నోటికొచ్చిన కథ కదా, అందులో చదివేదేముంది అంటారు. నోటికి రావడమే దాని గొప్ప. కొత్త కథైతే పిల్ల అక్షరమూ వెతుక్కోవాలి, అర్థమూ వెతుక్కోవాలి. ఇక్కడ 'ఎందుకు' అన్న మాట ఒకసారి కూడబలుక్కుంటే చాలు, చివరిదాకా అదే వస్తుంది. పైగా గడ్డిమేటు, అవ్వ, బువ్వ, పుట్ట అని దాదాపు అన్నీ ఏ అక్షరానికి ఆ వత్తే. ఒక్క 'ఏడ్చాడు' దగ్గర కాస్త తడబడతారు, అంతే. నేను కొన్న బొమ్మల పుస్తకంలో అయితే మొదటి పేజీలోనే రాజుగారు 'రాజ్యమును ధర్మబద్ధంగా పరిపాలించుచుండెను'. అక్షరాలు దిద్దడం నిన్న మొన్న ఆపిన పిల్ల అక్కడే పుస్తకం మూసేయక ఏం చేస్తుంది?

మా పాప రెండో తరగతి, ఇంగ్లీషు మీడియం. కథంతా నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. వేలు పెట్టుకుని గడగడా చదివేసింది. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే "అది చదవడం కాదు, అప్పజెప్పడం" అన్నారు. సరే చూద్దామని, పాప పడుకున్నాక ఒక్క జవాబు మార్చాను. 'ఆవా ఆవా, ఎందుకు మేయలేదు?' అన్న దాని కింద 'ఫోన్ చూస్తున్నా' అని రాసిపెట్టాను.

మర్నాడు సాయంత్రం చాప మీద కూర్చుని మొదలుపెట్టింది. ఆవు దగ్గరికి రాగానే అలవాటు కొద్దీ "పాలేరు మేపలేదు" అనేసి ముందుకెళ్ళిపోయింది. అంతలో ఆగింది. వేలు వెనక్కి జరిపింది. "ఫో... ఫోన్... చూ... చూస్..." అంతే, చాప మీద పడి దొర్లడం మొదలు! ఆవుకి ఫోనేంటమ్మా అని నవ్వు. లేచి మళ్ళీ చదవడం, మళ్ళీ నవ్వు. 'స్త' అంటే ట్యూషన్లో రోజూ ఏడుపే, నవ్వు కోసం మాత్రం దాన్ని చిటికెలో దాటేసింది. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. నవ్వు తెప్పించే పని ముందు ఏ వర్క్‌షీటూ నిలవదని నాకు ఆ రోజే తేలిపోయింది. నా దగ్గరున్న ఆధారం మా పాప ఒక్కతే, అయినా సరే.

ఇక ఈ నీతుల గోల. చుట్టాలెవరొచ్చినా "ఇందులో నీతేంటో చెప్పు తల్లీ" అని మొదలుపెడతారు. దానికి తోడు వాట్సాప్‌లో తిరిగే ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది: రాజంటే మనిషట, ఎండని చేప మనసట, గడ్డిమేటు అజ్ఞానమట, ఆవు జ్ఞానమట. పెద్దవాళ్ళు ఎలా అయినా చదువుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా పాపకి మాత్రం చేప చేపే. దాని అనుమానమల్లా మిగతా ఆరు చేపల్ని ఎవరు తిన్నారని. రాజకొడుకులు వేటకెళ్ళి పులిని కాకుండా చేపల్ని తేవడమేంటని కూడా అడిగింది. ఈ ప్రశ్నలు నీతికథలకి రావు.

పాత చందమామలు ఇవ్వమని కొందరు చెబుతారు. 1947లో మొదలైన ఆ పత్రిక నాకూ ప్రాణమే, కానీ బేతాళుడి ప్రశ్నలకి ఇంకా టైముంది. ఈలోపు పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళ వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో ఒకటో స్థాయి తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, చూడండి.

మా ఇంట్లో ఇప్పుడు పాపే కథని తిరగరాస్తోంది. బండి ఎందుకు కడగలేదో వాళ్ళ నాన్నని అడగడంతో మొదలై, ఇంట్లో అందర్నీ చుట్టి, చివరికి చీమ బదులు వాళ్ళ నానమ్మ దగ్గరికొచ్చి ఆగింది. మా అత్తగారికి అది అస్సలు నచ్చలేదు. ఆ పేజీ మళ్ళీ రాయాలట.